ల్యాబ్రడార్ మిక్స్ అని ఇచ్చారు, డీఎన్‌ఏలో ల్యాబ్రడారే లేదు. దీన్ని ఏమనాలి?

తోకచుక్క
ఏడాది కిందట ఒక రెస్క్యూ సంస్థ నుంచి రెండు నెలల కుక్కపిల్లను దత్తత తీసుకున్నాం. నల్లటి పొట్టి బొచ్చు, వేలాడే చెవులు, ఛాతీ మీద తెల్ల మచ్చ. ఫారంలో జాతి గడిలో ‘ల్యాబ్రడార్ మిక్స్’ అని రాసి ఉంది. ‘కావచ్చు’ అని గానీ, ‘చూడటానికి అలా ఉంది’ అని గానీ లేదు.

ఇప్పుడు దానికి పద్నాలుగు నెలలు. ఒక చెవి నిలబడింది, ఇంకోటి సగం మడత. మూతి సన్నగా సాగింది. చూసినవాళ్లంతా ఇది ల్యాబ్ కాదంటుంటే పోయిన నెల చెంప లోపల స్వాబ్ తీసి టెస్టుకు పంపాం. బోర్డర్ కోలీ 38 శాతం, జర్మన్ షెపర్డ్ 22, బీగిల్ 11, మిగతాది విడదీయలేని మిశ్రమం. ల్యాబ్రడార్ సున్నా.

రిపోర్టు వాళ్లకు పంపి, మీ రికార్డు సరిచేయండి, దాంతో పాటు ఒకే ఈతలో పుట్టిన పిల్లల్ని తీసుకున్నవాళ్లకీ చెప్పండి అని రాశాను. “కుక్క కుక్కేనండి, ప్రేమకు జాతి ఎందుకు” అని ఒక్క లైను జవాబు వచ్చింది. కుక్కను వెనక్కి ఇచ్చే ఆలోచన మాకు లేదు, ఎప్పటికీ ఇవ్వం. తెలియనప్పుడు తెలియదని రాయొచ్చు కదా అన్నదే నా ప్రశ్న.

ఊలుబంతి
మాదీ ‘ల్యాబ్ మిక్సే’. తొమ్మిది కిలోల దగ్గర పెరగడం ఆగిపోయింది.

రెండోఇల్లు
తొమ్మిదేళ్లుగా రెస్క్యూ కుక్కపిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకి దత్తతకు ఇస్తున్నాను. అలాంటి ఫారాలు కొన్ని వందలు నా చేత్తోనే నింపాను కాబట్టి చెప్తున్నాను. అట్టపెట్టెలో దొరికిన ఐదు పిల్లలకు తల్లి ఎవరో తెలియదు, తండ్రి సంగతి అసలే తెలియదు. జాతి గడి ఖాళీగా వదిలితే వెబ్‌సైట్ తర్వాతి పేజీకి వెళ్లదు. ఉన్న నలుగురం చూసి ఒక మాట అనుకుని రాస్తాం. దాన్ని మోసం అంటే ఇక మేం ఈ పని ఎందుకు చేయాలి? మీ పిల్లకు టీకాలు వేయించి, పురుగుల మందు పట్టించి, రాత్రిళ్లు మేలుకుని బతికించి మీ చేతిలో పెట్టారు. ఆ సంగతి మీ పోస్టులో ఒక్క ముక్క కూడా లేదు.

తోకచుక్క
> దాన్ని మోసం అంటే

నేనెక్కడా మోసం అనలేదు. పైన మళ్లీ చదవండి. బతికించినందుకు వాళ్లకు రుణపడే ఉన్నాను. నేను అడిగింది ఒక్క గడి గురించి.

రెండోఇల్లు
మాట వాడలేదు, నిజమే. ‘దీన్ని ఏమనాలి’ అని పైన పెట్టి అందరినీ అడిగితే వచ్చేవాళ్లు ఏ మాట అంటారో మీకు తెలియదా?

పాతకాపు
ముప్ఫై ఏళ్లుగా కుక్కల్ని పెంచుతున్నాను. మీరు పెట్టిన ఫొటో పెద్దది చేసి చూశాను. నాలుక మీద ఎడమ వైపు నల్ల మచ్చ ఉంది. అది చౌ చౌ జాతి గుర్తు. మీ టెస్టులో చౌ చౌ లేదంటే టెస్టే తప్పు. ల్యాబ్ ఉందో లేదో తర్వాత సంగతి, ముందు ఆ రిపోర్టును నమ్మడం మానండి.

జన్యుపాఠం
పాతకాపు గారూ, నాలుక మచ్చ అంటే అక్కడ రంగు పదార్థం ఎక్కువ ఉండటమే, మన ఒంటి మీద పుట్టుమచ్చ లాంటిది. ల్యాబ్‌లలో, జర్మన్ షెపర్డ్‌లలో, ఏ జాతీ కాని కుక్కల్లో కూడా ఉంటుంది. ఒక్క మచ్చతో జాతి తేల్చలేం.

అసలు విషయానికొస్తే, నల్లటి పొట్టి బొచ్చు పిల్ల కనబడగానే ల్యాబ్ అని రాయాలనిపించడానికి కారణం ఉంది. కుక్కల్లో బాగా కనబడే నలుపు బహిర్గత లక్షణం, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. పొడవు బొచ్చు అంతర్గతం, ఇద్దరి నుంచీ వస్తే తప్ప బయటపడదు. అంటే పొడవు బొచ్చు కోలీకి పొట్టి బొచ్చు కుక్కతో పుట్టిన పిల్ల నల్లగా, పొట్టి బొచ్చుతో ఉండొచ్చు. రెండు నెలలప్పుడు జర్మన్ షెపర్డ్ పిల్లల చెవులు కూడా చాలావరకు వాలే ఉంటాయి. ఇక బొచ్చు పొడవు, వంకీలు, మూతి మీద మీసాలు, ఈ తేడాల్లో చాలావరకు మూడే జన్యువుల పని అని 2009లో తేలింది. కుక్కకు దాదాపు ఇరవై వేల జన్యువులు ఉంటాయి. మనం పైపైన ఆ కొన్నిటిని చూసి మిగతా వేలకూ పేరు పెడుతున్నాం.

ఇది కొత్త సంగతి కూడా కాదు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాకర్ స్పానియల్‌కూ బసెంజీకీ పుట్టించిన పిల్లల్లో చాలావాటికి అటు పోలికా రాలేదు, ఇటు పోలికా రాలేదు. వాళ్లు దాన్ని ప్రచురించింది 1965లో. 2009లోనే ఇంకో అధ్యయనంలో దత్తత సంస్థలు ఫలానా జాతుల మిక్స్ అని పేరు పెట్టిన కుక్కల్ని డీఎన్‌ఏతో పోల్చారు. చూసింది ఇరవై కుక్కలనే, చిన్న అధ్యయనం. అయినా పేరు పెట్టినవాటిలో 87.5 శాతం కుక్కల్లో, రాసిన జాతుల్లో ఏదో ఒకటి డీఎన్‌ఏలో కనబడలేదు. 2018లో రెండు షెల్టర్లలో 919 కుక్కలతో పెద్దది చేశారు. సిబ్బంది చెప్పిన జాతుల్లో కనీసం ఒకటి సరిపోయినవి 67 శాతం. ఒకటికి మించి సరిపోయినవి 10 శాతం.

రెండోఇల్లు
67 శాతం! మూడింట రెండు సార్లు మా అంచనాలో నిజం ఉందని మీరే చెప్తున్నారు. మరి ఇంత గొడవ దేనికి?

తోకచుక్క
మూడోవంతు సార్లు ఒక్క జాతి కూడా సరిపోలేదని కూడా ఆయనే చెప్తున్నారు. ఆ మూడోవంతులో మేమున్నాం.

పాతకాపు
పుట్టుమచ్చతో పోలికేంటి? చౌ పిల్లల నాలుక పుట్టినప్పుడు గులాబీ రంగులోనే ఉండి తర్వాత నల్లబడుతుంది. మీ పిల్లకు మచ్చ ఎప్పుడు వచ్చింది? పుట్టుకతో ఉందా, తర్వాత వచ్చిందా? దీనికి జవాబు చెప్పండి చాలు.

తోకచుక్క
గమనించలేదండీ.

పాతకాపు
అదే మరి.

మందులచీటీ
క్లినిక్‌లో పనిచేస్తాను. ‘జాతి ఎందుకు’ అనే మాట మా బల్ల దగ్గర నిలవదు. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్ లాంటి మంద కాసే జాతుల్లో చాలావాటికి ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది. గజ్జికి ఎక్కువ మోతాదులో ఇచ్చే ఐవర్‌మెక్టిన్ వాటి మెదడుకు ఎక్కి ప్రాణం మీదికి తెస్తుంది. బోర్డర్ కోలీలో ఆ లోపం అరుదే, జర్మన్ షెపర్డ్‌లలో కూడా కొన్నిటికి ఉంటుంది. చీటీ మీద ల్యాబ్ అని ఉంటే ఎవరికీ ఆ అనుమానమే రాదు. ఏమీ రాయకపోతే ఆగి ఆలోచిస్తారు. ఆ ఒక్క జన్యువుకు విడిగా టెస్టు ఉంది, తోకచుక్క గారూ, చేయించండి. జాతుల శాతాల కంటే మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ఊలుబంతి
ఇది తెలియదు. సేవ్ చేసుకున్నాను.

రెండోఇల్లు
మందుల సంగతి ఒప్పుకుంటాను. కానీ ‘మిశ్రమ జాతి, వివరం తెలియదు’ అని రాసిన పిల్లల గతి ఎవరైనా చూశారా? నేను చూశాను. ఒకే ఈతలో పుట్టిన నాలుగు నల్లపిల్లలు. మొదటి వారం నిజాయితీగా ‘తెలియదు’ అని రాశాను. ఒక్క ఫోన్ రాలేదు. రెండో వారం షెల్టర్‌లో పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. రెండు పోయాయి. మిగిలిన రెండిటికి ‘ల్యాబ్ మిక్స్’ అని మార్చాను, మూడు రోజుల్లో వెళ్లిపోయాయి. నాకు ఇంకా ఏ అధ్యయనం కావాలి?

జన్యుపాఠం
మీ బాధ అర్థమవుతోంది. కానీ 2016లో ఒక అధ్యయనం దీని మీదే జరిగింది. పిట్‌బుల్ అని పేరు పెట్టిన కుక్కలు, అచ్చం వాటిలాగే ఉండి వేరే పేరు పెట్టిన కుక్కల కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ కాలం షెల్టర్‌లో ఉండిపోయాయి. ఒక షెల్టర్‌లో జాతి పేర్లు తీసేశాక అలాంటి కుక్కలు ఎక్కువగా దత్తతకు వెళ్లాయి.

రెండోఇల్లు
జనం భయపడే పేరు తీసేస్తే మేలు జరిగింది, సరే. జనం ఇష్టపడే పేరు తీసేస్తే ఏమవుతుందో అందులో ఉందా? నేను పెడుతున్నది రెండో రకం పేరు.

జన్యుపాఠం
అది న్యాయమైన ప్రశ్న. ఆ అధ్యయనం పిట్‌బుల్ పేరు గురించే.

రెండోఇల్లు
మరి! ఇంకో మాట కూడా చెప్తాను, కోపం వస్తే రానీయండి. ల్యాబ్ అయితేనే కావాలి అనేవాళ్లు రెస్క్యూ దగ్గరికి రాకండి. కాగితాలున్న పిల్లను కొనుక్కోండి. ఏడాది పాటు మీ కాళ్ల దగ్గర పడుకున్న ప్రాణిని రిపోర్టు చేతికి రాగానే ‘ల్యాబ్రడార్ సున్నా’ అని పదిమందిలో పెట్టారు. అది చదివితే నాకు కడుపు మండింది.

తోకచుక్క
సరే. మొదట రాయకూడదనుకున్నది ఇప్పుడు రాస్తాను.

మా అమ్మ చేతికర్ర పట్టుకుని నడుస్తుంది. నెమ్మదిగా ఉండే పిల్ల కావాలని ఆ రోజే చెప్పాం. ‘ల్యాబ్ మిక్స్ అండీ, పెద్దవాళ్లకు చాలా మంచిది’ అన్నారు. మరో పిల్లను చూస్తున్నవాళ్లం, ఆ మాటకే దీన్ని తెచ్చుకున్నాం. ఆరో నెల నుంచి నడిచేవాళ్ల చుట్టూ గుండ్రంగా తిరగడం, వెనక నుంచి మడమలు పట్టడం మొదలుపెట్టింది. కరవడం కాదు, గొర్రెల్ని తోలినట్టు తోలడం. అది ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియదు. రెస్క్యూకి ఫోన్ చేశాను. ‘ల్యాబ్‌లు అలా చేయవండీ, మీరు సరిగా నేర్పలేదు’ అన్నారు. ఇంకో రెండు సార్లు చేశాను, అదే మాట. తొమ్మిదో నెలలో అమ్మ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది.

మూడు నెలలు తప్పు నాదే అనుకున్నాను. నేనే పెంచడం చేతకానివాణ్ని అనుకున్నాను. టెస్టు చేయించింది పార్కులో వాళ్లు అన్నందుకు కాదు.

ఊలుబంతి
అయ్యో.

జన్యుపాఠం
చాలా బాధాకరం. ఒక్కటి మాత్రం చెప్పాలి, తప్పుగా అనుకోకండి. 2022లో పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల్ని అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివిన పెద్ద అధ్యయనం వచ్చింది. కుక్కకీ కుక్కకీ మధ్య ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వివరించగలిగింది దాదాపు 9 శాతమే. కోలీ అని ముందే రాసినా అది మడమలు పడుతుందని చెప్పలేం. ల్యాబ్ అయినంత మాత్రాన పట్టదనీ చెప్పలేం.

తోకచుక్క
నాకు శాతాలు చెప్పకండి. మా అమ్మను పడేసింది ఆ తొమ్మిది శాతమేనేమో.

జన్యుపాఠం
ఆ లెక్క ఒక్క కుక్కకు వర్తించదండీ, అన్ని కుక్కల మధ్య తేడాలకు... సరే, ఇది ఆ మాటకు సమయం కాదు. ఆపేస్తున్నాను. ఒక్కటి గమనించండి, నేను చెప్పింది మీ వైపే పోతుంది. ‘ల్యాబ్‌లు అలా చేయవు’ అని ఫోన్‌లో తేల్చి చెప్పే హక్కు ఆ పేరు ఎవరికీ ఇవ్వదు.

రెండోఇల్లు
కాస్త ఆగి రాస్తున్నాను. పైన అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొనుక్కోండి అని అనకుండా ఉండాల్సింది.

కానీ ఒకటి అడుగుతాను. అది కోలీ కలిసిన పిల్ల అని ముందే రాసి ఉంటే తీసుకునేవారా?

తోకచుక్క
లేదు. అమ్మ ఉన్న ఇంటికి తీసుకోం.

రెండోఇల్లు
అక్కడే మన ఇద్దరికీ పడనిది. ఆ పేరు రాయకపోవడం వల్లే దానికి ఇల్లు దొరికింది. నేను ఫారం నింపేటప్పుడు నా కళ్ల ముందు ఉండేది పిల్ల మాత్రమే. దాన్ని తీసుకెళ్లేవాళ్ల ఇంట్లో చేతికర్ర పట్టుకున్న మనిషి నాకు కనబడరు.

తోకచుక్క
అందుకే కనబడేలా అడగాలి. జాతి మీకు తెలియదని నాకూ తెలుసు. చూసినంత వరకు రాయండి: ఎక్కడ దొరికింది, ఎన్ని వారాలు, ఎంత బరువు, తల్లి కనబడిందా, మిగతా పిల్లల వెంట పడుతుందా. అంచనా రాస్తే పక్కన ‘అంచనా’ అని రాయండి. అన్నిటికంటే ముఖ్యం, ఆరు నెలల తర్వాత మేం ఫోన్ చేస్తే మీ అంచనాను మా మీదికి తిప్పకండి. ‘మేం రాసింది తప్పయి ఉండొచ్చు, ఏం చేస్తోందో చెప్పండి’ అని ఒక్కసారి అని ఉంటే నేను ఆ రోజే ట్రైనర్ దగ్గరికి వెళ్లేవాణ్ని. అమ్మ గదికి అడ్డు తలుపు పెట్టించేవాణ్ని. ఇప్పుడు పెట్టించాను.

మందులచీటీ
ఆ తలుపు ఆలోచన మంచిది. మంద కాసే గుణం ఉన్నవాటికి రోజూ బంతితో గానీ వాసన వెతికే ఆటతో గానీ పని పెట్టండి, మడమల మీద దృష్టి తగ్గుతుంది. తిడితే తగ్గదు.

పాతకాపు
అమ్మగారు త్వరగా కోలుకోవాలి. మచ్చ సంగతి నేను ఇక అడగను.

రెండోఇల్లు
అమ్మగారు ఇప్పుడు లేచి నడుస్తున్నారా?

తోకచుక్క
వాకర్‌తో గది దాకా. అది తలుపు అవతల కూర్చుని ఆమెనే చూస్తూ ఉంటుంది. అమ్మకు దాని మీద కోపం లేదు.

రెండోఇల్లు
రేపు ఆరు పిల్లల ఫారాలు నింపాలి. తల్లిని ఈసారి చూశాం, మధ్యస్థంగా ఉంది, తండ్రి తెలియదు. ఒకే ఈతకు ఇద్దరు తండ్రులు కూడా ఉండొచ్చు కాబట్టి ఆరింటికీ ఒకే పేరు పెట్టడమూ తప్పే. జాతి గడిలో ‘మిశ్రమం’ అని పెట్టి, మీరు చెప్పినవన్నీ కింద వివరాల్లో రాస్తాను. ఇంట్లో పెద్దవాళ్లున్నారా అని కూడా అడుగుతాను. వారంలో ఒక్కరూ ఫోన్ చేయకపోతే మళ్లీ ఇక్కడికే వచ్చి మిమ్మల్ని అడుగుతాను, ఇప్పుడేం చేయమంటారని.

తోకచుక్క
అడగండి. ఫొటోలు కూడా పెట్టండి, నాకు తెలిసినవాళ్లందరికీ పంపుతాను.