క్వారంటైన్‌లో ఆగిన ఫిషింగ్ మెయిళ్లపై ఫిర్యాదు చేయడం ఎలా?

ప్రశ్న:
మా మెయిల్ సర్వర్ ఫిషింగ్ మెయిళ్లను (పాస్‌వర్డ్‌ల వంటివి కాజేయడానికి పంపే మోసపు మెయిళ్లను) పట్టుకుని క్వారంటైన్‌లో, అంటే ఇన్‌బాక్సుకు చేరకుండా విడిగా, ఉంచుతోంది. అలాంటి మెయిల్ ఒకటి, అది వచ్చిన నెట్‌వర్క్ నిర్వాహకులకు ఫార్వర్డ్ చేస్తే, అందులోని లింకు కారణంగా వారి సర్వర్ నా ఫిర్యాదునే 550 కోడ్‌తో తిప్పికొట్టింది. ఎలాగూ ఆగిపోయిన మెయిల్ కోసం ఇంత శ్రమ అవసరమా? అవసరమైతే సరైన పద్ధతి ఏమిటి?

మొదటి సమాధానం:
తప్పకుండా అవసరమండి. మీ దగ్గర ఆగిన మెయిలే మరొకరి ఇన్‌బాక్సుకు చేరి ఉండవచ్చు. అందులోని లింకు తెరిచే నకిలీ లాగిన్ పేజీ మూతపడితేనే వారికి రక్షణ. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు (మెయిల్ ఏ దారిలో వచ్చిందో చూపే సాంకేతిక వివరాలు) పోతాయి కాబట్టి, మెయిల్‌ను ఈఎంఎల్ ఫైలుగా (హెడర్లతో సహా పూర్తి మెయిల్ ఉండే ఫైలుగా) భద్రపరచి, వారి సర్వర్‌కు లింకు కనబడకుండా పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో జతచేసి, ఆ పాస్‌వర్డ్‌ను ఫిర్యాదులోనే తెలపండి. అదీ తిరిగి వస్తే వారి వెబ్ ఫారంలో హెడర్లను యథాతథంగా అతికించండి.

రెండవ సమాధానం:
‘ఫ్రమ్’లో కనిపించే సంస్థను తప్పుపట్టకండి, ఆ చిరునామా చాలాసార్లు నకిలీదే. మీ సర్వర్ స్వయంగా చేర్చిన ‘రిసీవ్డ్’ హెడర్‌లోని ఐపీ చిరునామాను హూఈజ్‌లో (ఐపీ చిరునామాలు, డొమైన్లు ఎవరి పేరిట ఉన్నాయో చూపే సేవలో) వెతికితే, ఆ నెట్‌వర్క్ వారి అబ్యూజ్ చిరునామా (దుర్వినియోగంపై ఫిర్యాదులు తీసుకునే మెయిల్ చిరునామా) సాధారణంగా దొరుకుతుంది. లింకులోని సైటు గురించి హోస్టింగ్ సంస్థకు, డొమైన్ రిజిస్ట్రార్‌కు (సైటు పేరును నమోదు చేసిన సంస్థకు) విడిగా రాయాలి. నా దృష్టిలో ముందుగా చేయవలసింది ఇదే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. పంపినవారికి బౌన్స్ (మెయిల్ చేరలేదని తెలిపే సందేశం) కూడా పంపవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
వద్దండి. చిరునామా నకిలీదైతే అది ఏ సంబంధమూ లేని వ్యక్తికి చేరుతుంది. తిరస్కరించదలిస్తే, మెయిల్‌ను స్వీకరించకముందే, ఎస్ఎమ్‌టీపీ దశలోనే (పంపే సర్వర్ మీ సర్వర్‌కు మెయిల్‌ను అందిస్తుండగానే) తిరస్కరించేలా సర్వర్‌ను అమర్చుకోండి.