మాజీ టౌన్ హాలా, పాత టౌన్ హాలా?

ప్రశ్న: హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ పక్కన తెల్లటి గుమ్మటాల పాత అసెంబ్లీ ఉంది కదా, దాని ఫొటో కింద "మాజీ టౌన్ హాలు" అని రాశాను. చూసినవాళ్లు నవ్వుతున్నారు. తప్పెక్కడుందండీ?

జవాబు: నవ్వరా మరి! తెలుగులో మాజీ మనుషులకు తగిలించే మాట. మాజీ మంత్రి, మాజీ సర్పంచి, మాజీ సైనికుడు, ఈమధ్య మాజీ భర్త కూడా. అరబ్బీ నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం 'గడిచిపోయినది'. ఉర్దూ వ్యాకరణంలో భూతకాలం పేరు మాజీయే. మన దగ్గరికొచ్చేసరికి పదవి దిగినవాళ్ల పేరు ముందు స్థిరపడింది. మాజీ ఇల్లు, మాజీ బడి అని ఎవరూ అనరు.

"పాత టౌన్ హాలు" అన్నా చిక్కే. కొత్తదెక్కడ అని అడుగుతారు. ఈ భవనం కథ అది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా నగర పౌరులు చందాలు వేసుకుని బాగే ఆమ్‌లో, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్‌లో, దీన్ని తలపెట్టారు. 1905లో పునాది పడింది, 1913కి పూర్తయింది. ఎవరి పేరు చెప్పి కట్టారో ఆయన 1911లోనే పోయాడు. 1952 ఎన్నికల తర్వాత, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, హైదరాబాదు రాష్ట్ర శాసనసభ ఇక్కడ కొలువుదీరింది. 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ సభ. తర్వాత పక్కనే కొత్త సభాభవనం లేచింది కాబట్టి "పాత అసెంబ్లీ" అన్నమాట చక్కగా అతికింది. టౌన్ హాలుకు మాత్రం "ఒకప్పటి" వాడండి.

ఇంకొకరు: పురమందిరం అనొచ్చుగా? మా నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం అంటే రిక్షా అతనికీ తెలుసు.

మరొకరు: మందిరం అంటే గుడి కదండీ, సభలు జరిగే చోటుకి ఎలా కుదురుతుంది?

జవాబు: సంస్కృతంలో మందిరం అంటే మొదట ఇల్లే. రాజమందిరం, శయనమందిరం అంటున్నాం, అక్కడ హారతి పట్టడం లేదు కదా. మాటలో దోషం లేదమ్మా. కానీ అది నెల్లూరు వాడుక. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1890లో కట్టించింది ఈనాటికీ టౌన్ హాలే. తెలుగు గద్యానికి అంత చేసిన మనిషి కట్టించినదాన్ని కూడా జనం అలాగే పిలుచుకున్నారు. హైదరాబాదు భవనానికి ఆ ఊళ్లో లేని పేరు మనం పెడితే ఏ భవనమో పోల్చుకోలేరు.

ప్రశ్న అడిగినవారు: అయితే "ఒకప్పటి టౌన్ హాలు, ఇప్పటి పాత అసెంబ్లీ" అని వేసేస్తున్నా.

జవాబు: 'ఇప్పటి పాత' ఏమిటి బాబూ! "ఒకప్పటి టౌన్ హాలు, తర్వాత అసెంబ్లీ" చాలు. పక్కన 1913 వేయండి.