డెస్క్‌టాప్‌కి వైఫై: లోపల పీసీఐఈ కార్డా, బయట యూఎస్‌బీ డాంగిలా?

నల్లకుంట_నెట్ (ప్రశ్న)
మూడో తరం ఐ5, హెచ్61 మదర్‌బోర్డు, విండోస్ 10 64 బిట్. రౌటర్ హాల్లో ఉంది, సీపీయూ పక్క గదిలో టేబుల్ కింద ఉంది, మధ్యలో ఒక ఇటుక గోడ. రౌటర్ డ్యూయల్ బ్యాండ్ వైఫై 6, ప్లాన్ 300 ఎంబీపీఎస్. గోడకి చిల్లు పెట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోరు. బోర్డు స్లాట్లో పెట్టే పీసీఐఈ కార్డు కొనమని కొందరు, యూఎస్‌బీ పోర్టుకి తగిలించే డాంగిల్ చాలని కొందరు అంటున్నారు. ఏది కొనాలి, ఎందుకు? కారణంతో చెప్పండి.

స్లాట్_సుబ్బయ్య
మీ బోర్డుకి కార్డే. హెచ్61 చిప్‌సెట్‌లో (బోర్డు మీద పోర్టుల్నీ స్లాట్లనీ నడిపే చిప్) యూఎస్‌బీ 3.0 లేదు. కొన్ని బోర్డుల్లో విడిగా ఇంకో కంట్రోలర్ పెట్టి ఇచ్చారు, వెనక నీలం పోర్టు ఉందేమో చూసుకోండి. లేకపోతే డాంగిల్ యూఎస్‌బీ 2.0 మీదే నడవాలి. దాని 480 ఎంబీపీఎస్ కాగితం మీద లెక్క. వైఫై డాంగిల్‌కి చేతికొచ్చేది 200 నుంచి 250 దాకా, బాగా అదృష్టం ఉంటే 300 దగ్గరికి. అదే బోర్డులో పీసీఐఈ ఎక్స్1 అనే పొట్టి స్లాట్ 2.0 తరం వేగంది, సెకనుకి 500 మెగాబైట్లు, అంటే 4 జీబీపీఎస్. ఇంటెల్ ఏఎక్స్210 లాంటి కార్డు 160 మెగాహెర్ట్జ్ ఛానెల్ వెడల్పులో గరిష్ఠంగా 2.4 జీబీపీఎస్ లింకు (రౌటర్‌తో కుదిరే వేగం) పడుతుంది. స్లాట్ దానికి ఎక్కడా అడ్డు కాదు.

కొసరు_సిగ్నల్
సుబ్బయ్య గారూ, మీరు చెప్పింది బోర్డు లోపలి డేటా దారి వెడల్పు. అడిగినాయన సీపీయూ టేబుల్ కింద ఉంది, అది మర్చిపోయారు. కార్డు యాంటెన్నాలు రెండూ ఇనప డబ్బా వెనక, గోడకి ఆనుకుని, పవర్ కేబుళ్ల మధ్యలో ఉంటాయి. రౌటర్ ఎటువైపు ఉందో చూడండి: సిగ్నల్ డబ్బా చుట్టూ తిరిగి రావాలి. సిగ్నల్ −75 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ) దాకా దిగితే ఏఎక్స్210 అయినా లింకు రేటు తగ్గించుకుంటుంది. అప్పుడు 2.4 జీబీపీఎస్ అన్నది అట్టపెట్టె మీద బొమ్మే. మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో డాంగిల్‌ని టేబుల్ పైన పెడితే గోడ ఒక్కటే అడ్డు. 300 ప్లాన్‌లో 220 నిలకడగా వస్తే ఆయనకి ఏం తక్కువైంది?

స్లాట్_సుబ్బయ్య
యాంటెన్నాలు కార్డుకి అతికించి రావు కదండీ. ఆర్‌పీ-ఎస్ఎంఏ బిగింపు (యాంటెన్నా తిప్పి బిగించే మర) విప్పి, అయస్కాంతం అడుగున్న, మీటరు వైరున్న యాంటెన్నా బిగించి టేబుల్ మీద పెట్టుకోవచ్చు. కొన్ని కార్డులు అట్టపెట్టెలోనే అది ఇస్తున్నాయి.

కొసరు_సిగ్నల్
ఇస్తున్నారు, ఆ వైరు ఎంత సన్నగా ఉంటుందో కూడా చెప్పండి. ఆర్‌జీ174 రకం సన్న కోయాక్స్‌లో (యాంటెన్నా వైరు) 5 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకి సుమారు 3 డీబీ పోతుంది, అంటే సగం శక్తి వైరులోనే ఖర్చు. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌లో వెళ్లేది డిజిటల్ డేటా, అక్కడ రేడియో నష్టం లేదు. అయినా ఒప్పుకుంటాను, డబ్బా వెనక నక్కి ఉన్న యాంటెన్నా కంటే 3 డీబీ పోగొట్టుకుని టేబుల్ మీదున్నదే మేలు.

పెంగ్విన్_పిల్లోడు
రేపు లైనక్స్ వేసే ఆలోచన ఉంటే ఇంకో కోణం కూడా చూడండి. ఇంటెల్ ఏఎక్స్200 కార్డుకి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) 5.1, ఏఎక్స్210కి 5.10 నుంచి డ్రైవర్ లోపలే ఉంది. బజార్లో దొరికే ఏసీ1200 (వైఫై 5 రకం) డాంగిళ్లలో చాలావాటిలో రియల్‌టెక్ 8812ఏయూ చిప్ ఉంటుంది, దానికి చాలా ఏళ్లు బయటి డ్రైవరే దిక్కు. కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చేది. డాంగిలే కొనాలనుకుంటే మీడియాటెక్ చిప్ ఉన్నది వెతకండి: 7612యూ అయితే వైఫై 5, 7921ఏయూ అయితే వైఫై 6. ఇంకో సంగతి, కొన్ని డాంగిళ్లు పెట్టగానే వైఫై పరికరంగా కాకుండా సీడీ డ్రైవ్‌గా కనపడతాయి. విండోస్ డ్రైవర్ లోపల పెట్టి అమ్మడానికి చేసిన ఏర్పాటు అది. చూసి డాంగిల్ పాడైందని వాపస్ చేసేవాళ్లున్నారు.

కేబులే_దిక్కు
మీరంతా గాల్లో కొట్టుకుంటున్నారు. తలుపు సందులోంచి చదునైన క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ పోతుంది, చిల్లు అక్కర్లేదు. ఓనరు అడిగితే చుట్టేసి తీసేయొచ్చు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ఖాయం, పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) నిలకడ, డ్రైవర్ గోల లేదు.

పెంగ్విన్_పిల్లోడు
అన్నా, రౌటర్ లాన్ పోర్టు (కేబుల్ పెట్టే చోటు) చూడకుండా గిగాబిట్ ఖాయం అనకు. చవక రౌటర్లలో లాన్ పోర్టులు ఇప్పటికీ 100 ఎంబీపీఎస్‌వే. వాటికి కేబుల్ లాగితే 300 ప్లాన్ 95 దగ్గర ఆగిపోతుంది, వైఫైయే నయమనిపిస్తుంది. కేబుల్‌లో ఎనిమిది తీగల్లో ఒక్కటి తెగినా లింకు 100కి పడిపోవచ్చు. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ గమనించరు.

కేబులే_దిక్కు
అది నిజమే. పోర్టు వేగం చూశాకే కేబుల్ కొనండి. గిగాబిట్ పోర్టయితే మాత్రం నా మాట మారదు.

స్క్రూడ్రైవర్_రావు
కార్డు కొనేవాళ్లు షాపుకి వెళ్లేముందు ఇది చదవండి. గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

ఏఎక్స్201, ఏఎక్స్211 అనేవి సీఎన్‌వీఐ మాడ్యూళ్లు. వైఫై పనిలో సగం ఇంటెల్ చిప్‌సెట్‌ లోపల జరుగుతుంది కాబట్టి అవి ఆ సదుపాయం ఉన్న కొత్త ఇంటెల్ బోర్డుల్లోనే పనిచేస్తాయి. పీసీఐఈ అడాప్టర్లో (మాడ్యూల్‌ని స్లాట్‌కి కలిపే కార్డు) పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. అంకెలో ఒక్క తేడాకి డబ్బులు నీళ్లపాలు: మీకు కావాల్సింది ఏఎక్స్200 లేదా ఏఎక్స్210. వైఫై 7 బీఈ200 చాలా ఏఎండీ బోర్డుల్లో కనపడదు, అక్కడ మీడియాటెక్ కార్డు తీసుకోండి.

అట్టపెట్టె మీద 5400 అని ఉంటే 574, 2402, 2402 కూడి గుండ్రం చేశారని అర్థం. మూడు బ్యాండ్ల మొత్తం అది, ఒక్కసారికి ఒక్క బ్యాండే కలుస్తుంది. మూడోది 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్, మన దేశంలో 5925–6425 మెగాహెర్ట్జ్ ముక్కని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ముసాయిదా నియమాలు వచ్చిందే 2025 మేలో. అడిగినాయన రౌటర్ డ్యూయల్ బ్యాండ్, కాబట్టి ఆ ముచ్చట ఆయనకి లేదు. 80 మెగాహెర్ట్జ్ దగ్గర 1201 ఎంబీపీఎస్ లింకు పడితే 300 ప్లాన్‌కి దండిగా సరిపోతుంది.

హీట్‌సింక్ కింద పాత లాప్‌టాప్ మాడ్యూల్ పెట్టి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. డివైస్ మేనేజర్లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి: తయారీదారు 8086, పరికరం 2725 అయితే ఏఎక్స్210. 2723 అయితే ఏఎక్స్200.

బిగించే పద్ధతి: షట్‌డౌన్ చేసి, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) వెనక స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి. డబ్బా లోపలి ఇనుము ముట్టుకున్నాకే కార్డు పట్టుకోండి. ఎక్స్1 స్లాట్ ఎదురుగా ఉన్న రేకు తీసి, కార్డు నిటారుగా నొక్కి, స్క్రూ బిగించాలి. స్క్రూ వదిలేస్తే యాంటెన్నా బిగించేటప్పుడు కార్డు వంగి స్లాట్లోంచి లేస్తుంది. పాత పీసీఐ స్లాట్ తెల్లగా, పొడుగ్గా ఉంటుంది, అందులో ఇది పట్టదు.

తర్వాత అందరూ మర్చిపోయేది: కార్డుతో వచ్చిన చిన్న వైరు బోర్డు మీద 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్‌కి పెట్టాలి. కార్డులో వైఫై పీసీఐఈ మీద, బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తాయి. వైరు పెట్టకపోతే వైఫై వస్తుంది, బ్లూటూత్ అసలు కనపడదు. అప్పుడు డ్రైవర్‌ని తిట్టుకుని లాభం లేదు. రెండు హెడర్లూ ముందు ప్యానెల్ ఆక్రమించేసి ఉంటే ఒకటి వదులుకోవాల్సిందే.

మాడ్యూల్ మీద యాంటెన్నా వైర్లు పట్టే ఎంహెచ్ఎఫ్4 క్లిప్పులు మినప్పప్పు గింజ కంటే చిన్నవి. వాటిని ఊరికే పీకి పెట్టకండి, పదే పదే తీస్తే వదులవుతాయి. ఒక క్లిప్పు ఊడితే కార్డు పనిచేస్తూనే ఉంటుంది, సిగ్నల్ మాత్రం సగం చచ్చిపోతుంది.

డ్రైవర్ దింపడానికి నెట్ లేదని బెంగ వద్దు, ఫోన్ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరి. వైఫై డ్రైవర్, బ్లూటూత్ డ్రైవర్ వేరువేరు, రెండూ దించుకోవాలి.

నల్లకుంట_నెట్
డబ్బా తెరిచి చూశాను. ఎక్స్1 స్లాట్ ఒక్కటే ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ల కిందకి వెళ్లిపోయింది. వెనక నీలం పోర్టు లేదు. రౌటర్ లాన్ పోర్టులు గిగాబిట్టే. తలుపు సందు ఉంది కానీ ఇంట్లో చిన్నపిల్లాడు కేబుల్ లాగేస్తాడు.

స్లాట్_సుబ్బయ్య
ఇంకో పొడుగు ఎక్స్16 స్లాట్ ఉందా? ఎక్స్1 కార్డు పొడుగు స్లాట్లో కూడా పనిచేస్తుంది. లేదంటే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్‌కి అడ్డంగా వైఫై కార్డు ఇరికించకండి, రెండూ వేడెక్కుతాయి. ఈ బోర్డుకి నా వాదన వదులుకుంటున్నాను, స్లాట్ ఖాళీగా ఉన్న బోర్డులకి కాదు.

నల్లకుంట_నెట్
లేదండీ, ఎక్స్16 ఒక్కటే. గ్రాఫిక్స్ కార్డు దాంట్లోనే ఉంది.

కొసరు_సిగ్నల్
అయితే డాంగిలే. గోరంత నానో డాంగిల్ వద్దు, ఒకటే యాంటెన్నా, ఏసీ600 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 433 లింకు మాత్రమే. రెండు యాంటెన్నాలున్న ఏసీ1200 తీసుకోండి, 5 గిగాహెర్ట్జ్‌లో 867 లింకు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, అందుకని ముందు ప్యానెల్లో పెట్టకండి, అక్కడి సన్న వైర్లలో వోల్టేజి పడిపోయి డేటా ఎక్కువైనప్పుడు డాంగిల్ ఊడి ఊడి కలుస్తుంది. వెనక పోర్టులో, మందంగా ఉన్న మీటరు ఎక్స్‌టెన్షన్‌తో పెట్టండి. డివైస్ మేనేజర్లో డాంగిల్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే టిక్కు తీసేయండి. మున్ముందు యూఎస్‌బీ 3.0 ఉన్న బోర్డుకి మారితే డాంగిల్‌ని నీలం పోర్టుకి దగ్గరగా పెట్టొద్దు: ఆ పోర్టు రొద 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుందని ఇంటెలే 2012లో పత్రం వేసి చెప్పింది.

పెట్టాక కమాండ్ ప్రాంప్ట్‌లో "netsh wlan show interfaces" ఇచ్చి సిగ్నల్ శాతం చూడండి. విండోస్ లెక్కలో 70 శాతం అంటే సుమారు −65 డీబీఎం. అంతకంటే తగ్గితే డాంగిల్‌ని టేబుల్ మీద అటూ ఇటూ జరిపి మళ్లీ చూడండి, ఒక జానెడు జరిపినా తేడా వస్తుంది.

కేబులే_దిక్కు
పిల్లాడు పెద్దయ్యాక రండి, కేబుల్ సంగతి మాట్లాడుకుందాం.