చాసిస్ క్యాబ్ డీజిల్ ట్రక్ రోజూ హెవీ టోయింగ్‌కి పనికొస్తుందా?

అన్నలూ, మేం డల్లాస్‌లో ఉంటాం, మా బావమరిదీ నేనూ కలిసి హాట్‌షాట్ లోడ్లు (పికప్ సైజు ట్రక్కుకి ట్రైలర్ తగిలించి అర్జెంట్ సరుకు తోలడం) మొదలెడదాం అనుకుంటున్నాం. సెకండ్ హ్యాండ్‌లో ర్యామ్ 3500 చాసిస్ క్యాబ్ (వెనక బెడ్ లేకుండా ఉట్టి ఫ్రేమ్‌తో వచ్చే ట్రక్) ఒకటి చూశాం, 6.7 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజిన్, వెనక డబుల్ టైర్లు. ఫ్లాట్‌బెడ్ వేయించి 40 అడుగుల గూస్‌నెక్ ట్రైలర్ (బెడ్ మధ్యలో తగిలించే రకం) తగిలించాలని ప్లాన్. డౌట్ ఏంటంటే పికప్‌లో హై అవుట్‌పుట్ ఇంజిన్ దొరుకుతుంది, దీంట్లో మాత్రం 360 హార్స్‌పవరే, టార్క్ 800 పౌండ్-ఫీట్, ఎక్కువకాలం మన్నాలని కావాలనే తగ్గించి ఇస్తారంట, మరి కొలరాడోలో ఐ-70 హైవే మీద 7 శాతం ఎక్కుడులో ఫుల్ లోడ్‌తో లాగుతుందా లేక లారీల వెనకే పాకాలా? దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగని అడ్డుకుని బండిని నెమ్మది చేసేది) ఎంతవరకు ఆపుతుంది? ట్రక్కు, ట్రైలర్ రెండిటి బరువు రేటింగ్ కలిపి 26,000 పౌండ్లు దాటుతుంది కాబట్టి సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) ఎలాగూ తీసుకుంటున్నాం. అసలు తోలినవాళ్లు చెప్పండి, డోర్ స్టిక్కర్ మీద రాసుండే బరువు పరిమితుల్లో ఏ నంబర్ ముందు చూడాలి? సేల్స్‌మన్ని అడిగితే అన్నిటికీ 'ఈజీగా లాగుద్ది' అంటున్నాడు.