వికలాంగ, చిరుజీతాల కార్మికుల కేసుల్లో ముందు నిలబడాల్సింది ఎవరు: లాయరా, యూనియనా, కార్మికుడేనా?

సింగ్‌నగర్ కుట్టుమిషన్ (చర్చ మొదలుపెట్టినవారు)

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల వికలాంగ కార్మికులం, తక్కువ జీతాల పనివాళ్లం కొంతమందిమి కలిసి ఒక న్యాయ సహాయ కమిటీ పెట్టుకుంటున్నాం. టైలరింగ్ చేసేవాళ్లు, ఆటోనగర్ వర్క్‌షాపుల వాళ్లు, మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు, బట్టల షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు ఇందులో ఉన్నారు. కమిటీని ఎవరు నడపాలన్న దగ్గరే మీటింగులన్నీ ఆగిపోతున్నాయి. కొందరు యూనియన్ లీగల్ సెల్ కింద పెడదామంటున్నారు. కొందరు అనుభవమున్న లాయర్‌కి అప్పజెప్పేద్దామంటున్నారు. కేసు ఎవరిదో వాళ్లే నడపాలని, లాయరూ యూనియనూ వాళ్లు చెప్పినట్టు పనిచేయాలని నేనంటున్నాను.

ఈ గొడవ ఎందుకొచ్చిందంటే, ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పవర్ ప్రెస్ మీద చేసే కుర్రాడికి కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. వయసు 30, జీతం 12 వేలు. పనివాళ్లు ఆరుగురే కాబట్టి ఈఎస్‌ఐ లేదు. ఓనర్ లక్ష రూపాయలు ఇస్తాను, ఇక ఏ బాకీ లేదని తెల్లకాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఒక లాయర్‌ని అడిగితే "తీసుకో, కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది" అన్నారు. యూనియన్ వాళ్లు "తీసుకోవద్దు, గేటు ముందు ధర్నా చేద్దాం" అన్నారు. ఆ అబ్బాయిని నీకేం కావాలని ఎవరూ అడగలేదు. నేనడిగితే, అదే షాపులో ఎడమచేత్తో నడిచే పని ఏదైనా ఇప్పించమన్నాడు. ఇంకో చోట ఆ చేయి చూసి పని ఇవ్వరని వాడి భయం.

మీరేమంటారు? వికలాంగులు, కూలి పనివాళ్లు ముందు మాట్లాడితే బాగుంటుంది.

బ్రాడీపేట అడ్వకేట్

అమ్మా, ముందు ఆ తెల్లకాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం, హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. రాజీ చేసుకోవాలంటే 28వ సెక్షన్ కింద లేబర్ డిపార్ట్‌మెంట్‌లో కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఈ చట్టం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది గానీ, ప్రమాదం అంతకు ముందుదైతే పాత చట్టం కిందే నడపాలి.

ఇక లెక్క. పూర్తి అశక్తతకు జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉన్న ఫ్యాక్టర్‌తో గుణిస్తారు. 12 వేలల్లో 60 శాతం 7,200. 30 ఏళ్లకు ఫ్యాక్టర్ 207.98. మొత్తం 14,97,456 రూపాయలు. షెడ్యూల్ ప్రకారం ఒక చేతికి మూడు వేళ్లు పోతే 30 శాతం, అంటే సుమారు 4 లక్షల 49 వేలు. ఓనర్ లక్షతో సరిపెట్టాలనుకుంటున్నాడు! డబ్బు ఇవ్వాల్సిన రోజు నుంచి నెల దాటితే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ కూడా వేయొచ్చు.

30 శాతం దగ్గరే ఆగాల్సిన పనీ లేదు. 1975లో సుప్రీంకోర్టు, ఎడమచేయి మోచేతి పైదాకా పోయిన వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి పూర్తి అశక్తత కింద లెక్కకట్టాలని తీర్పు చెప్పింది. ఈ అబ్బాయి మళ్లీ ప్రెస్ మీద పని చేయగలడా లేదా అన్నది డాక్టర్ చేత సరిగా రాయించాలి. క్లెయిమ్ వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లే గడువు. ఈ విషయాలు మీటింగులో చేతులెత్తించి తేల్చేవి కావు. అందుకే కేసు లాయర్ చేతిలో ఉండాలంటాను.

మిర్చియార్డు హమాలీ

లాయర్ గారూ, మీ లెక్క బాగుంది. దాచుకుంటాను. కానీ మీరు చెప్పనిది ఒకటుంది. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, దాని బదులు వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం కూడా, రాజీ చర్చల్లోకి లాయర్‌కి అసలు ప్రవేశమే లేదు. లేబర్ కోర్టులో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే రావాలి. అదే యూనియన్ ఆఫీస్ బేరర్ అయితే నేరుగా కార్మికుడి తరఫున నిలబడొచ్చు. పైసా ఖర్చు లేకుండా పనివాడు మేనేజ్‌మెంట్ ఎదురుగా కూర్చుని మాట్లాడాలనే అలా రాశారు.

ఇంకో సంగతి. 2014లో ఆర్టీసీలో డ్రైవర్‌గా చేరిన ఒకాయనకి కలర్ బ్లైండ్‌నెస్ ఉందని ఇంటికి పంపించారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆయనకి వేరే తగిన పోస్టు ఇవ్వమంది. దేన్ని బట్టి? 1979లో ఏపీఎస్‌ఆర్టీసీ యాజమాన్యంతో యూనియన్ రాయించుకున్న సెటిల్‌మెంట్‌ని బట్టి. కలర్ బ్లైండ్‌నెస్ వచ్చిన డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని అందులో ఉంది. వికలాంగుల చట్టంలోని 21 రకాల జాబితాలో అది లేదు. అప్పటికి వికలాంగుల చట్టమే లేదు! ఎప్పుడో సమ్మెలు చేసిన వాళ్లు ఒక లైను రాయించుకుంటే, వాళ్లంతా రిటైరయ్యాక కూడా అది ఒక డ్రైవర్‌ని కాపాడింది. లాయర్ ఒక మనిషి కేసు గెలిపిస్తాడు. సంఘమైతే రాబోయే వాళ్లకు కూడా రాయించి పెడుతుంది.

సింగ్‌నగర్ కుట్టుమిషన్

హమాలీ అన్నా, ఆర్టీసీ ముచ్చట నాకు తెలియదు, చాలా ఉపయోగపడేది చెప్పావు. కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ డిమాండ్ల కాగితంలో బస్తా రేటు ఉంటుంది, బోనస్ ఉంటుంది. నడుం పోయి బస్తా మోయలేకపోతున్న హమాలీ గురించి ఎన్నో నంబర్ డిమాండ్? నాకు పోలియో. నేను పనిచేసిన గార్మెంట్ యూనిట్‌లో పీసు రేటు పెంచమని అందరం కూర్చున్నప్పుడు, మిషన్ పెడల్ ఎత్తు మార్చమన్న నా మాటని "తర్వాత చూద్దాం" అన్నది ఓనర్ కాదు, మా లీడరే. ఆ తర్వాత ఎప్పుడూ చూడలేదు.

చట్టాల్లోనూ మా పరిస్థితి ఇంతే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో గట్టి రక్షణలన్నీ ప్రభుత్వ ఉద్యోగికే. 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వంలో. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదన్న 20వ సెక్షన్ కూడా ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు వాళ్లకు సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోమని ఉంది. ఆరుగురు పనిచేసే షెడ్డులో అది ఎవరు అడుగుతారు, ఎవరు చదువుతారు? కార్మిక చట్టాల వైపు చూస్తే, 2025 దాకా నడిచిన 1948 కనీస వేతనాల చట్టం 26వ సెక్షన్లోనే, వికలాంగ ఉద్యోగుల జీతాలకు ఈ చట్టం వర్తించదని ప్రభుత్వం ఆదేశించవచ్చని రాశారు. ఆదేశం ఇవ్వాల్సింది ప్రభుత్వం, ఓనర్ కాదు. కానీ ఎంతమంది ఓనర్లు "నీకు సగం జీతమే ఎక్కువ" అని వాళ్లకు వాళ్లే ఆదేశం ఇచ్చుకోలేదు? దీని మీద ఏ యూనియన్ ధర్నా చేసిందో చెప్పు.

అందుకే ముందు మేమే ఉండాలంటున్నాను. చదువు లేకనో లాయర్లంటే పడకనో కాదు. 2013లో వికలాంగుల రిజర్వేషన్‌ని మొత్తం పోస్టుల మీద లెక్కించాలన్న సుప్రీంకోర్టు తీర్పు ఎవరు తెచ్చుకున్నారు? అంధుల జాతీయ సమాఖ్య. దాని ముందున్న ఎస్.కె. రుంగ్తా గారు అంధుడైన లాయర్.

మిర్చియార్డు హమాలీ

నడుం పోయినవాళ్ల డిమాండ్ మా కాగితంలో లేదు. అది నిజం, చెల్లెమ్మా. వచ్చే జనరల్ బాడీలో నేనే పెడతాను. కానీ వేరే కుంపటి పెట్టుకుంటే ఓనర్‌కే లాభం. ఆటోనగర్ షెడ్డు ముందు మీ కమిటీ నుంచి పదిమంది వస్తారేమో. మేం పిలిస్తే యార్డు నుంచి లారీల్లో వస్తారు. ఆ అబ్బాయికి పని తిరిగి కావాలన్నావు కదా, పరిహారం కమిషనర్ డబ్బు ఇప్పిస్తాడే గానీ ఎడమచేతి పని ఇప్పించడు. దానికి బలమే కావాలి.

పటమట పింఛనుదారు

నాదొక చిన్న భయం. నాకు ఆరు వేల పింఛను వస్తోంది. సదరం (వైకల్య శాతం సర్టిఫికెట్) రీ వెరిఫికేషన్ అని పిలిచిన దగ్గర్నుంచి నిద్ర లేదు. ఒక మెస్‌లో కూరగాయలు తరుగుతాను, నెలకి నాలుగు వేలిస్తారు. జీతం తక్కువని నేను కేసు వేస్తే, పని చేస్తున్నావు కదా అని పింఛను తీసేస్తారేమోనని టెన్షన్. మీరు లాయరా యూనియనా అని వాదించుకుంటున్నారు. నాలాంటివాళ్లు అసలు పేరు బయటపెట్టి ముందుకు రాగలరా?

బ్రాడీపేట అడ్వకేట్

అమ్మా, మీ భయం అర్థమైంది. కనీస వేతనాల క్లెయిమ్ మీరే వేయనక్కర్లేదు. పాత చట్టం బదులు వచ్చిన 2019 వేతనాల కోడ్ ప్రకారం, మీరు సభ్యురాలిగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వేయొచ్చు. లేబర్ ఇన్‌స్పెక్టర్ కూడా వేయొచ్చు. పరిహారం కేసులున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, సదరం శాతం వేరు, పరిహారం చట్టంలో సంపాదనా శక్తి నష్టం వేరు. ఒకటి శరీరాన్ని కొలుస్తుంది, ఇంకొకటి పనిని. ఆఫీసుల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు, అక్కడే గట్టిగా నిలబడాలి.

తెనాలి రోడ్డు

ఇంత దగ్గరున్నదాన్ని ఎవరూ ఎత్తలేదేంటి? చుండూరు. అప్పటి గుంటూరు జిల్లాలోదే. 1991 ఆగస్టు 6న దళితుల ఊచకోత జరిగాక, కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని అడిగింది లాయర్లు కాదు, బాధితులు. ప్రత్యేక కోర్టు ఊళ్లోకే వచ్చింది. సాక్షులు భయం లేకుండా చెప్పగలిగారు. 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది. ఏ కోర్టు, ఎక్కడ, ఎలా అన్నది కూడా బాధితుడు తేల్చగలడనడానికి అంతకంటే రుజువేం కావాలి?

బ్రాడీపేట అడ్వకేట్

చుండూరు నాకూ తెలుసు, ఆ పోరాటానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది కదా. ఊరు నిలబడ్డా అప్పీల్లో నిలవలేదు.

తెనాలి రోడ్డు

హైకోర్టులో పోయింది బాధితులు ముందున్నందువల్ల కాదు సార్. అక్కడ వాళ్ల గొంతు వినపడనందువల్ల. ఈ రెండూ ఒకటి కాదు.

ఆటోనగర్ లేత్ మిషన్

అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదు. పర్సంటేజీ. మా అన్నయ్యకి పరిహారం వస్తే మూడో వంతు లాయర్ పట్టుకున్నాడు. ముందే రాయించుకున్నాడట. యూనియన్ వాళ్లు ఫండ్ అన్నారు. చేతికొచ్చింది ఆస్పత్రి అప్పుకే సరిపోయింది. ఎవరు ముందుండాలో తర్వాత, డబ్బు ఎవరి అకౌంట్‌లో పడుతుందో ముందు చెప్పండి.

బ్రాడీపేట అడ్వకేట్

తమ్ముడూ, కేసులో వచ్చే డబ్బులో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఎవరు చేసినా తప్పే. పరిహారం కమిషనర్ దగ్గర డిపాజిట్ అయ్యి కార్మికుడి ఖాతాకే వెళ్లాలి. ఇంకో దారి కూడా ఉంది. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం వికలాంగులకి, మహిళలకి, పారిశ్రామిక కార్మికులకి ఉచిత లాయర్‌ని ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అర్జీ పెట్టొచ్చు, 15100కి ఫోన్ చేయొచ్చు.

సింగ్‌నగర్ కుట్టుమిషన్

లాయర్ గారూ, మీరు నిజాయితీగా మాట్లాడుతున్నారు కాబట్టి సూటిగా అడుగుతున్నాను. వకాల్తా ఫారంలో "రాజీ చేసుకునే అధికారం" అని ముందే ముద్రించి ఉంటుంది. వేలిముద్ర వేసేవాడికి ఆ లైను ఎవరూ చదివి వినిపించరు. మా కమిటీ ద్వారా వెళ్లే ప్రతి వకాల్తాలో ఆ లైను కొట్టేయిస్తాం. రాజీ ప్రతిపాదన వస్తే అంకెతో సహా తెలుగులో రాసిచ్చి, కార్మికుడు ఇంటికెళ్లి ఆలోచించుకున్నాక, మళ్లీ సంతకం పెడితేనే రాజీ. అలాగైతే మీరు కేసు తీసుకుంటారా?

బ్రాడీపేట అడ్వకేట్

కష్టం. బేరం ఒక్కోసారి కోర్టు వరండాలో అరగంటలో కుదురుతుంది, ఆ అరగంట దాటితే అవతలివాడు మాట మార్చేస్తాడు. ఇంటికెళ్లి ఆలోచించుకునే టైమ్ ఉండదు. కార్మికుడు పక్కనే ఉండి అప్పటికప్పుడు సంతకం పెడతానంటే ఆ లైను కొట్టేయడానికి నాకు అభ్యంతరం లేదు.

సింగ్‌నగర్ కుట్టుమిషన్

అరగంటలో ఇష్టపడితేనే నిలిచే బేరం ఎవరి మేలు కోసం సార్? పేదవాడిని తొందరపెట్టడమే అవతలివాళ్ల ఎత్తు. ఒక్కరాత్రి గడువు అడగడం ఎక్కువేం కాదు. ఈ మాట దగ్గర మా కమిటీ తగ్గదు. మీరు కాకపోతే దీనికి ఒప్పుకునే లాయర్‌ని వెతుక్కుంటాం.

గుణదల అక్క

మా మరిది మూగ, చెవుడు. ప్యాకింగ్ పనిలో జీతం ఎగ్గొట్టారని లేబర్ ఆఫీసుకి తీసుకెళ్తే, ఆఫీసర్ నాతోనే మాట్లాడాడు, వాడి వైపు చూడనే లేదు. వాడు చెప్పాలనుకున్నది నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువ. వాడే ముందుండాలంటే సైగల భాష తెలిసినవాళ్లు ఉండాలి కదా?

బ్రాడీపేట అడ్వకేట్

2016 చట్టం 12వ సెక్షన్ చూపించండి. కోర్టుల్లో, విచారణ అధికారాలున్న చోట్ల వికలాంగులు వివక్ష లేకుండా హక్కులు వాడుకునే ఏర్పాటు ప్రభుత్వమే చేయాలని ఉంది. ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అర్జీ పెట్టి, నంబర్ వేయించుకోండి. నోటితో అడిగితే రికార్డులో ఉండదు.

కుట్టుమిషన్ అమ్మా, ఒక్కరాత్రి గడువుకి ఒప్పుకుంటున్నాను, ఈ ఆటోనగర్ కేసు వరకు. అన్ని కేసులకీ మాట ఇవ్వలేను. ప్రమాదం తేదీ, ఆస్పత్రి కాగితాలు, జీతం ఇచ్చిన రుజువు ఏదున్నా పట్టుకుని ఆ అబ్బాయినే రమ్మనండి.

సింగ్‌నగర్ కుట్టుమిషన్

ప్రమాదం జరిగి రెండేళ్లు కావడానికి ఇంకా నాలుగు నెలలుంది. వాడే వస్తాడు, పక్కన నేనుంటాను. జీతం చేతికే ఇచ్చేవారు, రసీదు లేదు, ఫోన్‌పేలో అడ్వాన్సులు పడినవి మాత్రం ఉన్నాయి. హమాలీ అన్నా, క్లెయిమ్ పడ్డాక పని తిరిగి ఇప్పించే సంగతి ఓనర్‌తో మాట్లాడేటప్పుడు మీవాళ్లు రావాలి. ధర్నా పెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆ అబ్బాయే చెప్తాడు.

మిర్చియార్డు హమాలీ

వస్తాం. ధర్నా వద్దంటే మాత్రం మావాళ్లని ఒప్పించడం నాకు కష్టమే, అది ముందే చెప్తున్నా.