కొత్త ప్రాజెక్టుకి రెడీమేడ్ బిల్డ్ కిట్ చాలా? వెబ్‌ప్యాక్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) మనమే రాసుకోవాలా?

మాధాపూర్ ఫ్రంటెండ్:
అందరికీ నమస్కారం. మా టీమ్‌లో వారం రోజులుగా తెగని వాదన ఇది. రాసిన కోడు ఫైళ్లని కలిపి బ్రౌజర్‌కి సిద్ధం చేయడమే బిల్డ్, ఆ పని చేసే టూలే వెబ్‌ప్యాక్. మేం ఆరుగురం. మా పాత డాష్‌బోర్డు క్రియేట్ రియాక్ట్ యాప్ అనే రెడీమేడ్ కిట్ 4వ వెర్షన్ మీద ఉంది. పోయిన నెల కొత్తగా చేరిన అమ్మాయికి ల్యాప్‌టాప్ ఇచ్చారు, అందులో నోడ్ (జావాస్క్రిప్ట్ టూల్స్‌ని నడిపేది) 18. యాప్ లేపే ఎన్‌పీఎం స్టార్ట్ కమాండు కొట్టగానే ‘ఎర్రర్ 0308010సి, డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్, అన్‌సపోర్టెడ్’ అని వచ్చి ఆగిపోయింది. మా మెషీన్లన్నిటిలో నోడ్ 14, కాబట్టి మాకు బానే నడుస్తోంది. తప్పు తనదే అనుకుని ఆ పిల్ల రెండు రోజులు దాంతోనే కుస్తీ పట్టింది.

తీరా చూస్తే సంగతి వేరు. నోడ్ 17 నుంచి లోపల ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ వచ్చింది. ఎండీ4 అనే పాత హ్యాష్‌ని (ఫైలులో ఉన్నదాన్ని బట్టి కట్టే చిన్న గుర్తు) అది మామూలుగా ఇవ్వదు. వెబ్‌ప్యాక్ 4 ఏమో హ్యాష్ కట్టడానికి దాన్నే అడుగుతుంది. అసలు మా ప్రాజెక్టులో వెబ్‌ప్యాక్ ఉందన్న సంగతే ముగ్గురికి తెలీదు, అంతా రియాక్ట్ స్క్రిప్ట్స్ ప్యాకేజీ కడుపులో ఉంది. పాత హ్యాష్‌లని మళ్లీ ఒప్పుకునే లెగసీ ప్రొవైడర్ ఫ్లాగ్ పెట్టి నడిపించాం, అది అతుకే.

ఇది చూసి మా లీడ్ గారు ‘ఇకమీదట రెడీమేడ్ కిట్ వద్దు, కొత్త యాప్‌కి వెబ్‌ప్యాక్ కాన్ఫిగ్ మనమే రాద్దాం’ అంటున్నారు. నేను వీట్ అనే రెడీమేడ్ కిట్ వాడదాం అంటున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కేపీహెచ్‌బీ సీనియర్:
మీ లీడ్ చెప్పింది సబబు. 2016లో ఫేస్‌బుక్ వాళ్లు క్రియేట్ రియాక్ట్ యాప్ తెచ్చినప్పుడు అందరం ఎగబడ్డాం. 2025 ఫిబ్రవరి 14న రియాక్ట్ టీమే కొత్త యాప్‌లకి దాన్ని వాడొద్దని ప్రకటించింది. దాన్ని నమ్ముకుని యాప్‌లు కట్టినవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కటీ మార్చుకుంటూ కూర్చోవాలి.

మాకు ఇంకా ముందే తగిలింది. క్లయింటు లెస్ (సీఎస్‌ఎస్ లాంటి స్టైల్ భాష) ఫైళ్లు వాడాలన్నారు. కిట్‌లో లెస్ లేదు, కాన్ఫిగ్ ముట్టుకునే దారీ లేదు, మిగిలింది ఎజెక్ట్, అంటే కిట్ లోపలున్న కాన్ఫిగ్ అంతా బయటికి తీసి మన చేతిలో పెట్టే కమాండు. ఆ కమాండు కొడితే ‘ఇది శాశ్వతం, ఖాయమేనా’ అని అడుగుతుంది. వై నొక్కాం. కాన్ఫిగ్ ఫోల్డరు, స్క్రిప్ట్స్ ఫోల్డరు, ప్యాకేజ్ జేసన్ నిండా మేం ఎన్నడూ పేరు వినని డిపెండెన్సీలు వచ్చి పడ్డాయి. ఆ రోజు నుంచి ప్రతి అప్‌గ్రేడూ మా నెత్తినే.

ఇప్పుడు నా వెబ్‌ప్యాక్ ఫైలు 70 లైన్లు. ఎంట్రీ, అవుట్‌పుట్, మూడు లోడర్లు (ఒక్కో రకం ఫైలుని మార్చి ఇచ్చేవి), హెచ్‌టీఎంఎల్ ప్లగిన్. ఏ లైను ఎందుకుందో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తాను.

అమీర్‌పేట ట్రైనర్:
అన్నా, మీరు చెప్తరు సరే. మీ తర్వాత వచ్చేటోళ్ల సంగతి చూడండ్రి. మైత్రీవనం పక్క గల్లీలనే నా క్లాసు. మొదట్ల నేను గూడ వెబ్‌ప్యాక్ తోనే మొదలువెట్టేది. తెర మీద ఒక బటన్ కనవడాల్నంటే వారం వట్టేది, కొండను తవ్వి ఎలుకను వట్టినట్టు. ఊర్లకెంచి హాస్టల్ ఫీజు కట్టుకొని వచ్చిన పిల్లలు ‘మాకు కోడింగ్ రాదు సార్’ అని మూడో రోజే చాలించుకునేటోళ్లు. వాళ్లకు రానిది కోడింగ్ కాదు, లోడర్ వరుస.

ఇప్పుడు వీట్ తోని మొదలు. ఒక్క కమాండు, రెండు మూడు ప్రశ్నలు, మన కంప్యూటర్లనే, లోకల్‌హోస్ట్ 5173ల యాప్ లేస్తది. పిల్లల మొఖాలు చూడాలె అప్పుడు.

కానీ నేను ఆడ ఆపను. మూడో వారం బిల్డ్ కొట్టిపిచ్చి, బిల్డ్ అయిన ఫైళ్లుండే డిస్ట్ ఫోల్డర్ తెరవమంట. ఫైలు పేరు చివర ఇండెక్స్ పక్కన ఆ పిచ్చి అక్షరాలేంది సార్ అని అడుగుతరు. కోడుల ఒక్క పదం మార్చి మళ్ల బిల్డ్ కొట్టుమంట. పేరు మారుతది. మార్చకుండ కొడితే అదే పేరు ఉంటది. బ్రౌజర్ పాత ఫైల్ దాచుకునుడు, కొత్త పేరు జూసి కొత్తది తెచ్చుకునుడు, హ్యాష్ ఎందుకనేది అప్పుడు సమజైతది. బోర్డు మీద గంట చెప్పినా ఎక్కనిది ఐదు నిమిషాలల ఎక్కుతది.

మాధాపూర్ ఫ్రంటెండ్:
కేపీహెచ్‌బీ అన్నా, ఆ 70 లైన్లు మీకు కంఠతా వచ్చు, ఒప్పుకుంటాను. మీరు లేని రోజున? నా మునుపటి కంపెనీలో ఒక సీనియర్ ఇలాగే సొంత కిట్ కట్టారు, చాలా బాగా కట్టారు. ఆయన బెంగళూరు వెళ్లిపోయాక ఏడాది పైన ఆ ఫైలు తెరిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూసిపెట్టిన రియాక్ట్ స్క్రిప్ట్స్ లాగే అదీ అయింది. పైగా దానికి డాక్యుమెంటేషన్ కూడా లేదు.

గచ్చిబౌలి టూలింగ్:
మా దగ్గర 11 యాప్‌లకి ఒకే కిట్, దాన్ని చూసుకునేది నేనే. మేం వీట్‌ని మార్చలేదు, దాని పైన పల్చటి ప్యాకేజీ పెట్టాం. మా లింట్ రూల్సు (కోడులో తప్పులు పట్టేవి), టైప్‌స్క్రిప్ట్ సెట్టింగులు, ప్రాక్సీ, అంతే. ప్రతి యాప్‌లోనూ వీట్ కాన్ఫిగ్ ఫైలు కళ్లెదుటే ఉంటుంది. మెర్జ్‌కాన్ఫిగ్ ఫంక్షన్‌తో మాది కలుపుకుంటుంది, నచ్చనిది అక్కడే మార్చుకుంటుంది. ఎజెక్ట్ అన్న మాటే ఉండదు.

దీనికి ఖర్చుందని కూడా చెప్పాలి. వీట్ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా 11 యాప్‌లు బిల్డ్ చేసి చూడాలి, విరిగినవాళ్లతో కూర్చోవాలి. నా వారంలో ఒక రోజు దీనికే పోతుంది. మాధాపూర్ గారూ, మీకున్నది ఒకట్రెండు యాప్‌లు. సొంత కిట్ జోలికి వెళ్లకండి.

కేపీహెచ్‌బీ సీనియర్:
నోట్స్ లేకపోవడం నా తప్పే, రాస్తాను. కానీ వీట్ గురించి ఒక్కటి గుర్తుంచుకోండి. మేం చూసిన 5వ వెర్షన్‌లో డెవ్‌లో, అంటే మనం కోడు రాసేటప్పుడు, అది బ్రౌజర్‌కి నేరుగా ఈఎస్ మాడ్యూల్స్‌గా (బ్రౌజర్‌కే అర్థమయ్యే విడి ఫైళ్లుగా) వెళ్తుంది, లైబ్రరీలని ఈఎస్‌బిల్డ్ అనే టూల్ ముందే కట్టి పెడుతుంది. యూజర్లకి వెళ్లే ప్రొడక్షన్ బిల్డ్ మాత్రం రోలప్ అనే వేరే టూల్ చేస్తుంది. రెండు దారులు. కామన్‌జేఎస్ అనే పాత మాడ్యూల్ పద్ధతిలో రాసిన చార్ట్ లైబ్రరీ ఒకటి మా ఫ్రెండ్ టీమ్‌లో డెవ్‌లో బంగారంలా నడిచింది, బిల్డ్ అయ్యాక ‘ఫంక్షన్ కాదు’ అని తెల్లటి పేజీ. డెమో రోజు బయటపడింది. నా 70 లైన్లలో ఆ తేడా ఉండదు, రెండు చోట్లా వెబ్‌ప్యాకే.

మాధాపూర్ ఫ్రంటెండ్:
ఈ శనివారం పాత డాష్‌బోర్డునే ఒక బ్రాంచిలో వీట్‌కి మార్చి చూశాను. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఇండెక్స్ హెచ్‌టీఎంఎల్ పబ్లిక్ ఫోల్డర్ నుంచి బయటికి తెచ్చి అందులో మాడ్యూల్ స్క్రిప్ట్ పెట్టాలి. జేఎస్‌ఎక్స్ (జావాస్క్రిప్ట్‌లో రాసే హెచ్‌టీఎంఎల్ లాంటి కోడు) ఉన్న జేఎస్ ఫైళ్ల పేర్లు మార్చాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కి ముందున్న రియాక్ట్ యాప్ తీసి వీట్ అని పెట్టాలి, ప్రాసెస్ డాట్ ఎన్వ్ బదులు ఇంపోర్ట్ డాట్ మెటా డాట్ ఎన్వ్. ఇందులో ఒకటి వదిలేస్తే ‘ప్రాసెస్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ అంటుంది, అది వెంటనే దొరికిపోతుంది.

దొరకనిది ఇంకోటి. బిల్డ్ ఇప్పుడు డిస్ట్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. మా డిప్లాయ్ స్క్రిప్టు ఇంకా బిల్డ్ అనే ఫోల్డర్‌నే ఎత్తుకెళ్తోంది, సర్వర్‌లో పాత ఫోల్డర్ అలాగే ఉంది కాబట్టి ఏ ఎర్రరూ రాలేదు. గంటసేపు నేను పాత యాప్‌నే టెస్ట్ చేస్తూ అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను. వీట్ కాన్ఫిగ్‌లో అవుట్‌డిర్‌ని (బిల్డ్ వెళ్లే ఫోల్డర్ పేరు) బిల్డ్ అని మార్చాక కుదిరింది.

కేపీహెచ్‌బీ అన్న చెప్పిన తేడా నిజమే, మా డేట్ పికర్ ఒకటి ప్రివ్యూలో, అంటే బిల్డ్ అయినదాన్ని మన మెషీన్‌లో నడిపి చూసినప్పుడు, పడిపోయింది. ఇకపై ప్రతి పుల్ రిక్వెస్టుకీ (కోడు మార్పు కలపమని అడిగినప్పుడల్లా) బిల్డ్ చేసి, 4173లో ప్రివ్యూ లేపి, ఐదు పేజీలు తెరిచే టెస్టు పెడుతున్నాం. ఆ టెస్టు రాసేది ఆ కొత్తమ్మాయే. లీడ్ గారు వెబ్‌ప్యాక్ మాట ఇంకా వదల్లేదు. సోమవారం పదకొండింటికి మీటింగు, పాత బ్రాంచి, వీట్ బ్రాంచి రెండూ ఆయన ముందే నడిపి చూపిస్తాను.