కాలేజీలో వీల్‌చైర్ మీద ఆటలు: హైదరాబాద్‌లో మీరెలా మొదలుపెట్టారు?

మూడోమెట్టు:
అందరికీ నమస్కారం. బీకాం సెకండియర్, హాస్టల్లో ఉంటాను. పదో తరగతి సెలవుల్లో బైక్ యాక్సిడెంట్ అయి వెన్నెముకకు దెబ్బ తగిలింది. రిపోర్టులో టీ12 అని ఉంది, అంటే వీపు వెన్నుపూసల్లో పన్నెండోది, అన్నిటికంటే కిందిది. కాళ్లలో కదలిక లేదు, చేతులూ భుజాలూ మాత్రం గట్టివే.

మొన్న స్పోర్ట్స్ డేకి పేరిద్దామని వెళ్తే మా పీడీ సర్ "నువ్వు స్కోరు చూసుకో నాన్నా, నీ చేతిరాత బాగుంటుంది" అన్నారు. ఆయన మంచివారే, ఎక్కడ ఎదురుపడినా ముందు ఆయనే పలకరిస్తారు. కానీ పోయినేడూ ఇదే మాట. కబడ్డీ స్కోరు షీటు కళ్లు మూసుకుని నింపే స్థాయికి వచ్చేశాను. స్కూల్లో నేను రైడర్‌ని, ఆ సంగతి ఆయనకు తెలీదు.

బాస్కెట్‌బాల్ ఆడొచ్చా, బ్యాడ్మింటనా? నాది ఆసుపత్రుల్లో కనిపించే మడత కుర్చీ, అది పనికొస్తుందా? అమ్మకు చెప్తే "ఉన్న చేతులు కూడా విరగ్గొట్టుకుంటావా" అంటుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గచ్చిబౌలి_షటిల్:
తమ్ముడూ, నేను బ్యాడ్మింటన్. ఆటలో వీల్‌చైర్ వాళ్లకు రెండు క్లాసులు. నడుము పైభాగం మీద పట్టు తక్కువైతే డబ్ల్యూహెచ్‌1, పట్టు బాగుండి కాళ్ల ఇబ్బంది మాత్రమే ఉంటే డబ్ల్యూహెచ్‌2. నీది ఏదో పరీక్ష చేసేవాళ్లే తేలుస్తారు, ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు. సింగిల్స్‌లో కోర్టు సగమే. నెట్‌కూ షార్ట్ సర్వీస్ లైన్‌కూ మధ్య పడిన షటిల్ అవుట్, కాబట్టి డ్రాప్ వేసి ఏడిపించడానికి కుదరదు. ఆట అంతా వెనక్కీ ముందుకీ నడుస్తుంది. కుర్చీని వెనక్కి తోస్తూ తలపైకి చూడటం ఉంటుంది చూశావా, దానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

మొదట్లో ఎవరూ చెప్పని కష్టం ఇంకోటి. రాకెట్ పట్టుకున్న చేత్తోనే చక్రం తొయ్యాలి. పిడి అంచుకూ రిమ్‌కూ మధ్య బొటనవేలు నలిగి నెలరోజులు గోరు నల్లగా ఉండేది. క్రికెట్ బ్యాట్ గ్రిప్ కోసి రిమ్‌కు చుట్టాక కాస్త నయం.

ఈ ఆట పారాలింపిక్స్‌లోకి వచ్చింది టోక్యోలోనే, అంటే 2021లో జరిగినప్పుడు. మన గోపీచంద్ అకాడమీలో సాధన చేసిన మానసి జోషి అంతకుముందే, 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమెది కృత్రిమ కాలు, నిలబడి ఆడే క్లాసు. నేను చెప్పేదేంటంటే ఈ ఊళ్లో ఈ ఆట తెలిసినవాళ్లు ఉన్నారు, వెతుక్కోవాలి అంతే.

దిల్‌సుఖ్‌నగర్_టు_ఆర్లింగ్టన్:
నాకు ఏ ఇబ్బందీ లేదు, చూసింది రాస్తున్నాను. ఎమ్మెస్‌కి టెక్సస్ ఆర్లింగ్టన్ వచ్చాను. ఇక్కడి యూనివర్సిటీకి మూవిన్ మావ్స్ అని వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ టీమ్ ఉంది, 1976 నుంచీ. మొదటిసారి జిమ్‌లోకి వెళ్తే ముందు చప్పుడుకే ఉలిక్కిపడ్డాను. కుర్చీకి కుర్చీ తగిలితే గిన్నెల షాపులో అర పడిపోయినట్టు ఉంటుంది. ఒకడు పక్కకు పడ్డాడు, బెల్టుతో కుర్చీకి కట్టేసుకుని ఉన్నాడు కదా, కుర్చీతో సహా పడ్డాడు. నేను పరిగెత్తబోయాను. నా పక్కనున్నవాడు ఆపాడు. పడ్డవాడు చేయి నేలకానించి ఒక్క ఊపు ఊపి లేచి వెళ్లిపోయాడు.

అమెరికాలో ఈ కాలేజీ ఆటలు మొదలైంది ఇలినాయ్ యూనివర్సిటీలో, 1948లో. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బలు తగిలి వచ్చిన సైనికులు చదువుకోవడానికి వస్తే టిమ్ న్యూజెంట్ అనే ఆయన వాళ్లతో టీమ్ కట్టాడు. ఇంగ్లండ్‌లో గట్‌మన్ అనే డాక్టర్ స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వీల్‌చైర్ వాళ్లకు పోటీలు పెట్టిందీ అదే ఏడాది. ఇప్పుడు ఇలినాయ్, అలబామా, అరిజోనా, మా ఆర్లింగ్టన్, ఇలా కొన్ని యూనివర్సిటీలు ఒకదానితో ఒకటి ఆడతాయి.

రూల్స్ నీకు నచ్చుతాయి. బుట్ట ఎత్తు మామూలుదే, 10 అడుగులు. బంతి ఒళ్లో పెట్టుకుని రెండుసార్లు చక్రం తోయొచ్చు, తర్వాత బంతి నేలకు కొట్టాలి, లేకపోతే పాస్ ఇవ్వాలి. ప్రతి ఆటగాడికీ 1 నుంచి 4.5 దాకా పాయింట్లు ఇస్తారు, ఒంటి మీద ఎంత పట్టుంటే అంత ఎక్కువ. కోర్టులో ఉన్న ఐదుగురివీ కలిపి అంతర్జాతీయ రూల్ ప్రకారం 14 దాటకూడదు. అంటే ఒంట్లో పట్టు తక్కువ ఉన్నవాడు లేకపోతే టీమే కట్టలేరు.

విసుగొచ్చిన_సీనియర్:
బాగుందన్నా, చదవడానికి. ఇక్కడ మన బాత్రూం తలుపు 24 అంగుళాలు, కుర్చీ 25.

తమ్ముడూ, నాకూ యాక్సిడెంటే, ఎనిమిదేళ్లయింది. కోర్టు ఎక్కడ, కోచ్ ఎక్కడ అని అందరూ అడుగుతారు. నేను అడిగేది బాత్రూం ఎక్కడ అని. ఒకసారి వేరే జిల్లాలో సెలక్షన్ అన్నారు. ఫోన్ చేసి అడిగితే "అన్ని సౌకర్యాలూ ఉన్నాయి సర్" అన్నారు. ఎందుకైనా మంచిదని ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తాగలేదు. వెళ్తే ర్యాంప్ ఉంది, దానికి రంగు కూడా వేశారు. బాత్రూంకి మాత్రం రెండు మెట్లు. ఎండలో మధ్యాహ్నం మూడింటిదాకా అలాగే ఆడాను. నాలుగో రోజు చలిజ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, వారం ఆసుపత్రిలో. సెలక్ట్ అయ్యానా అంటే అయ్యాను. వెళ్లలేకపోయాను.

అప్పటి నుంచి నా బ్యాగులో టేపు ఉంటుంది, టైలర్ల టేపు. ఎక్కడికి వెళ్లినా ముందు ఒక ఫ్రెండుని పంపి తలుపు కొలిపించి ఫొటో తెప్పించుకుంటాను. "సౌకర్యం ఉంది" అన్న మాట నమ్మకు, అంగుళాలు అడుగు.

మెట్రోలో వెళ్లొచ్చు, స్టేషన్లకు లిఫ్టులున్నాయి. లిఫ్టు దిగాక ఫుట్‌పాత్ మీద పానీపూరీ బండి ఉంటుంది. దాని గురించి ఇంకో చర్చ పెట్టుకుందాం.

ఫిజియో_పద్మ:
పైన నీళ్లు మానేసిన కథ చదివి కోపమొచ్చింది, జాలి కూడా. తమ్ముడూ, అది మాత్రం చేయకు. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వాడుతుంటే టైము ప్రకారం వాడు, ఆట మధ్యలోనైనా సరే ఆపి వెళ్లు.

మీ అమ్మగారికి చూపించు, ఇది ఆవిడ కోసం కూడా. ఆడితే చేతులు విరగవు. ఎక్కువగా పాడయ్యేవి భుజాలు. మన చేతులు నడవడానికి పెట్టినవి కావు కదా. ముందుకు తోసే కండరాలు బలిసి వెనకవి బలహీనమైతే భుజం నొప్పి మొదలవుతుంది. కాబట్టి రబ్బరు బ్యాండు కిటికీ ఊచకు కట్టి వెనక్కి లాగే వ్యాయామం రోజూ చెయ్యి.

అంతకంటే నాకు భయం పిరుదుల దగ్గర పుండ్లు. స్పర్శ ఉండదు, ఆటలో ధ్యాస ఉండదు, మడత కుర్చీ రెక్సిన్ సీటు కిందికి సాగి ఉంటుంది. మంచి కుషన్ లేకుండా ఆడొద్దు. ప్రతి 20 నిమిషాలకోసారి చేతులమీద ఒళ్లు పైకి లేపి కాసేపు ఉండు. రాత్రి అద్దం పెట్టి చూసుకో, ఎర్రగా ఉండి ఆ ఎరుపు తగ్గకపోతే ఆట బంద్.

ఇది చదివే మిగతావాళ్లకు: దెబ్బ టీ6 దగ్గర గానీ అంతకంటే పైన గానీ ఉంటే, మూత్రాశయం నిండినప్పుడు బీపీ ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి కారణం వెతకాలి, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇలాంటి వాళ్లకు ఎండలో ఒళ్లు చల్లబడదు కూడా, చెమట సరిగా పట్టదు. ఏప్రిల్‌లో రేకుల షెడ్డు కింద ఆడేటప్పుడు స్ప్రే సీసా, తడి తువ్వాలు పక్కనే ఉండాలి.

స్నేహ_వాళ్ల_నాన్న:
నేను బైక్ మెకానిక్‌ని, మల్కాజిగిరి. మా అమ్మాయి డిగ్రీ ఫస్టియర్, సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల ఒంటి కదలికల మీద పట్టు ఉండదు. చేతులు కూడా సరిగా పట్టవు. పై ఆటలేవీ ఆమెకు కుదరవు. బోచియా అని ఒకటుంది, చాలామందికి తెలీదు. తెల్ల బంతి ఒకటి ముందు వేస్తారు. ఎర్రవి ఆరు, నీలివి ఆరు. ఎవరి బంతి తెల్లదానికి దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. మన గోలీలాట లెక్కే. విసరలేనివాళ్లు జారుడుబల్ల లాంటి ర్యాంప్ మీంచి వదలొచ్చు, పక్కన ఒక మనిషి ర్యాంప్ తిప్పుతాడు. ఆ మనిషి మాత్రం కోర్టు వైపు చూడకూడదు, వీపు తిప్పి ఉండాలి. ఆట ఆమెది, చేయి మాత్రమే మనది అన్నమాట. ఆ రూల్ నాకు భలే నచ్చింది. నేను రెండుసార్లు దొంగచూపు చూశాను, మా అమ్మాయి అరిచింది.

ర్యాంప్ కొనలేదు. నాలుగంగుళాల పీవీసీ పైపు నిలువుగా చీల్చి, పాత కెమెరా స్టాండు మీద బిగించాను. అసలు బంతి 275 గ్రాములుంటుంది. మొదట పాత సాక్సుల్లో పెసలు నింపి కుట్టాం. రెండోరోజు రాత్రే ఎలుకలు ఆడుకున్నాయి. తర్వాత ఇసుక పోశాం. కోర్టు 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. కాలనీ కమ్యూనిటీ హాల్లో పెళ్లి లేని రోజుల్లో సుద్దముక్కతో గీసుకుంటాం.

గచ్చిబౌలి_షటిల్:
ఎలుకలు 😂 సారీ అంకుల్.

ఓయూ_పాతకాపు:
దారి తప్పకముందే పని మాట. అందరూ మొదట చేసే తప్పు: ప్రిన్సిపాల్‌కు "వికలాంగులకు క్రీడా సౌకర్యాలు కల్పించగలరు" అని రాయడం. ఆ కాగితం ఫైల్లోకి పోతుంది, ఎందుకంటే దానికి ఏం చేయాలో ఎవరికీ తెలీదు. నేను రాసింది ఒకే ఒక్కటి: "మొదటి అంతస్తులో ఉన్న టేబుల్ టెన్నిస్ బల్లను కింది అంతస్తుకు మార్చండి." మూడు నెలలు తిరిగింది ఉత్తరం. బల్ల దించడానికి నలుగురు కుర్రాళ్లకు పావుగంట పట్టింది. అప్పటిదాకా దాన్ని దించమని ఎవరూ అడగలేదట!

కింద చట్టం కూడా రాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ ఆటల గురించే. అదే చట్టం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్లున్నాయి. సీటిచ్చి ఆట వద్దంటే ఎలా అని మర్యాదగా అడగొచ్చు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) జిరాక్సు జతచెయ్యి.

నా ఓటు టేబుల్ టెన్నిస్‌కే. నీ మడత కుర్చీతోనే మొదలుపెట్టొచ్చు, కుర్చీ పరిగెత్తాల్సిన పని తక్కువ. 1 నుంచి 5 క్లాసులు కూర్చుని ఆడేవాళ్లవి. సర్వీసు బంతి పక్క అంచు మీంచి బయటికి పోతే లెట్ (మళ్లీ వేయాలి), చివరి అంచు మీంచే పోవాలి. భవీనా పటేల్ టోక్యోలో వెండి పతకం గెలిచింది ఈ ఆటలోనే, నాలుగో క్లాసులో. రాకెట్టు, బంతులు, గోడ. అంతే ఖర్చు.

బాస్కెట్‌బాల్ మీద మనసుంటే దేశవ్యాప్త ఫెడరేషన్ చెన్నైలో ఉంది, దాన్ని పెట్టిన మాధవీలత గారిది మన సత్తుపల్లే. కానీ దానికి పదిమంది కావాలి, ఆటకు తగ్గ కుర్చీలు కావాలి. చక్రాలు ఏటవాలుగా, అడుగు భాగం వెడల్పుగా, వెనక్కి పడకుండా చిన్న చక్రంతో ఉండేవి. మడత కుర్చీతో గుద్దుకుంటే మడతపడిపోతుంది, నిజంగానే.

ఓరుగల్లు_పిల్ల:
వీల్‌చైర్ ఒక్కటే అనుకోకండి అని గుర్తుచేయడానికి వచ్చా. మా వరంగల్ జిల్లా కల్లెడ దీప్తి జీవాంజి పరిగెత్తేది టీ20లో. క్రికెట్ కాదు 🙂 మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల క్లాసు పేరది. 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో అప్పటికి ప్రపంచ రికార్డు, అదే ఏడాది పారిస్‌లో కాంస్యం. ఊళ్లో ఆమెను ఏమేం అనేవారో మాకు తెలుసు. ఇప్పుడు వాళ్లే ఫ్లెక్సీలు కట్టారు.

మూడోమెట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆలస్యంగా రాస్తున్నా, పరీక్షలు.

మా కాలేజీలో టీటీ బల్ల కిందే ఉంది, ఆ అదృష్టం దొరికింది. కానీ దాని మీద ప్రింటరు డబ్బాలు పేర్చి ఉన్నాయి. ఉత్తరంలో "డబ్బాలు తీయండి" అని మాత్రమే రాశాను, పాతకాపు అన్న చెప్పినట్టు. నాలుగు రోజుల్లో తీశారు. పీడీ సర్ స్వయంగా వచ్చి నెట్ కట్టారు, కట్టి "మరి కబడ్డీ స్కోరెవరు రాస్తార్రా?" అని అడిగారు. జోకో కాదో అర్థం కాలేదు.

మొదటి రోజు బంతి తీయడానికి వంగితే ముందుకు జారాను. ఫ్రెండు పాత బ్యాగు పట్టీతో నడుముకు బెల్టు వేశాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదున్నరకు. బ్యాక్‌హ్యాండ్ వస్తోంది, ఫోర్‌హ్యాండ్‌కి చెయ్యి హ్యాండ్‌రెస్ట్‌కి కొట్టుకుంటోంది, అది ఊడదీయాలి. పద్మక్క పోస్టు అమ్మకు చదివి వినిపించాను. మొత్తం విని, "ఆ కుషన్ ఎంతవుతుందట?" అంది.

బాత్రూం తలుపు కొలిచాం సీనియరన్నా. 27.

ఒక సాయం కావాలి. ముందు చిన్న చక్రం ఒకటి తిరిగేటప్పుడు గరగరమంటోంది, టైల్స్ సందుల్లో ఆగిపోతోంది. ఎక్కడ బాగుచేయిస్తారు?

స్నేహ_వాళ్ల_నాన్న:
బేరింగ్ పోయింది బాబూ. చక్రం విప్పి, బేరింగ్ పక్కన తుడిచి చూడు, నంబరు చెక్కి ఉంటుంది. 608 అయితే స్కేటింగ్ చక్రాల్లో వాడేదే, రాణీగంజ్‌లో ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతుంది. ఒక్కో చక్రానికి రెండు పడతాయి, రెండూ మార్చు. విప్పేటప్పుడు మధ్యలో ఉన్న చిన్న గొట్టం ముక్క పారేసుకోకు.